తెల్లతోక జింకకు ఏ రైఫిల్, ఏ తూటా? వందేళ్ల వాదనపై ఒక చూపు

అమెరికాలో వేట పత్రికలు చదువుతూ పెరిగిన పాతతరం వాళ్లని కదిపితే రెండు పేర్లు వినిపిస్తాయి: జాక్ ఓకానర్, ఎల్మర్ కీత్. ఓకానర్ అరిజోనా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, ఆపైన 'ఔట్‌డోర్ లైఫ్' పత్రికలో 1972 దాకా మూడు దశాబ్దాలు తుపాకుల శీర్షిక నడిపిన మనిషి. సన్నటి బుల్లెట్‌ని వేగంగా పంపే .270 వించెస్టర్ తూటా అంటే ఆయనకి ప్రాణం. కీత్ ఐడహోలో పశువుల మధ్య బతికినవాడు. లావుపాటి గొట్టం, బరువైన బుల్లెట్ లేనిదే అది వేటే కాదని ఆయన పట్టు. ఒకరి రాతల మీద ఒకరు విసుర్లు విసురుకుంటూ ఇద్దరూ ఏళ్లకేళ్లు గడిపారు. ఓకానర్ 1978లో పోయాడు, కీత్ 1984లో పోయాడు. వాదన మాత్రం పోలేదు. .270 ఉన్నచోట 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా పేరు పెట్టి, ఈ తరం అవే మాటలు మళ్లీ అనుకుంటోంది.

ఆ వాదనని మొత్తంగా ఒకసారి కలియజూడాలని ఈ వ్యాసం. హద్దు ముందే చెబుతాను: అమెరికాలో తెల్లతోక జింక వేట, అందులోనూ బోల్ట్ యాక్షన్ రైఫిల్. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పినైనా కణుజునైనా వేటాడటం నేరం కాబట్టి మన అడవులకి ఈ చర్చతో పనిలేదు. అమెరికాలో కథ వేరే దారిన నడిచింది. విచ్చలవిడి వేటవల్ల 1900 నాటికి అక్కడి జింకలు కొన్ని లక్షలకి పడిపోయాయి. తర్వాత సీజన్లు పెట్టారు, లైసెన్సులు పెట్టారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తెచ్చి, రైఫిళ్ల మీదా తూటాల మీదా 11 శాతం పన్ను సొమ్ముని రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి మళ్లించారు. ఇప్పుడు జింకలు కోట్లలో ఉన్నాయి. పంటలు మేసి, రాత్రిళ్లు కార్లకి అడ్డంపడే దాకా వచ్చింది వ్యవహారం. అంచేత అక్కడ జింక వేట అంటే సర్కారే లెక్కగట్టి, ఇన్ని అని చెప్పి చేయించే పని.

తుపాకీ సంగతి ఎత్తే ముందు జింకని చూడాలి. ఉత్తరాది రాష్ట్రాల్లో పెద్ద మగ జింక 200 పౌండ్లు దాటవచ్చు. టెక్సాస్ హిల్ కంట్రీలో అదే జాతి జింక అందులో సగానికి కాస్త పైన ఆగిపోతుంది. ఏదైనా సరే, ముందుకాలి వెనక గుండే ఊపిరితిత్తులూ ఉన్న చోటు దాదాపు 8 అంగుళాల వృత్తం. సరైన బుల్లెట్ అందులో పడితే జింక కొద్ది సెకన్లలో నేలకూలుతుంది, పరిగెత్తినా వంద గజాలు దాటడం అరుదు. అందులో పడకపోతే ఏ తూటా పేరూ ఆదుకోదు. గాయపడ్డ జంతువు రాత్రంతా పొదల్లో నరకం పడుతుంది. తూర్పు రాష్ట్రాల అడవుల్లో చాలా జింకలు వంద గజాల లోపే ఎదురవుతాయి. మొక్కజొన్న చేల అంచున, కరెంటు లైన్ల కింద నరికిన బాటల్లో 200 గజాలు. వయోమింగ్ లాంటి పడమటి మైదానాల్లో 300. మనకి కావలసింది అంతా కలిపి ఇంతే: చలికి బిగుసుకున్న చేతులతో, 200 గజాల నుంచి, 8 అంగుళాల వృత్తాన్ని మొదటి దెబ్బతోనే తాకగలగడం. ఇకమీద చెప్పేదంతా ఈ కొలతకే కట్టుబడి ఉంటుంది.

బోల్ట్ యాక్షన్ అంటే తలుపు గడియ పద్ధతే. పిడిని పైకెత్తి వెనక్కి లాగితే కాల్చిన గుల్ల బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా గదిలోకి వెళుతుంది, కిందికి దించితే బోల్ట్ తలకున్న రెండు ముక్కులు రిసీవర్ గాడుల్లో బిగుసుకుంటాయి. తూటా పేలినపుడు చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల దాకా పుట్టే ఒత్తిడిని మోసేది ఆ ముక్కులే. కదిలే భాగాలు తక్కువ, తూటా ప్రతిసారీ ఒకే చోట ఒకేలా కూర్చుంటుంది. గురికి మూలం అక్కడుంది. ఈ పద్ధతికి నిలిచే రూపం ఇచ్చింది జర్మనీకి చెందిన పాల్ మౌజర్, 1898లో. ఆ తర్వాత వచ్చిన బోల్ట్ రైఫిళ్లలో ఎక్కువ భాగం ఆయన గీసిన బొమ్మకి సవరణలే. అమెరికా సైన్యం 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ దానికి మరీ దగ్గరగా ఉందని ఆ ప్రభుత్వం మౌజర్‌కి పేటెంట్ రుసుము కూడా కట్టుకోవలసి వచ్చింది. చట్టం చేసే ఎంపిక కూడా కొంత ఉంది. పెన్సిల్వేనియాలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో జింకని కాల్చకూడదు. అక్కడ బోల్టో, లీవరో, చేత్తో నడిపే మరో తుపాకో పట్టుకోవాలి.

రైఫిళ్ల వంశావళి పొడుగు. 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70కి మౌజర్ తరహా వెడల్పు కొక్కెం ఉండేది. మేగజీన్ నుంచి పైకి వచ్చిన క్షణం నుంచే అది తూటా అంచుని పట్టుకుంటుంది, కంగారులో సగం తోసి లాగినా రెండు తూటాలు ఇరుక్కోవు. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ ఆ కొక్కెం తీసేసింది. అభిమానులు ఈనాటికీ క్షమించలేదు, '64కి ముందుది' అన్న మాటకి సెకండ్‌హ్యాండ్ బజారులో విడిగా ధర పలుకుతుంది. నాకు మాత్రం ఆ మోజు అర్థం కాదు. ఆఫ్రికాలో అడవిదున్న మీదికొస్తున్నప్పుడు ఆ కొక్కెం ప్రాణం నిలబెట్టవచ్చు. పెన్సిల్వేనియాలో చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చున్నవాడి మీదికి జింక రాదు.

1962లో వచ్చిన రెమింగ్టన్ 700 రిసీవర్ గుండ్రటి గొట్టం ఆకారం. లేత్ మీద తేలిగ్గా తయారవుతుంది, స్టాక్‌లో సమంగా కూర్చుంటుంది. మెరీన్ల ఎం40, సైన్యం ఎం24 స్నైపర్ రైఫిళ్లు దాని మీదే కట్టారు. దాని మచ్చంతా ట్రిగ్గర్‌లో ఉంది. మీట నొక్కకుండానే పేలిందన్న ఫిర్యాదులు దశాబ్దాల పాటు కోర్టుల్లో నలిగాయి. తప్పు లేదంటూనే కంపెనీ ఒప్పందానికి వచ్చింది, దాదాపు 75 లక్షల తుపాకులకి వర్తించే ఆ ఒప్పందం 2018లో ఖరారైంది. పాత 700ని ఎవరి దగ్గరైనా కొనేవాళ్లు ముందు ఆ ట్రిగ్గర్ మార్చారో లేదో పనితెలిసిన గన్‌స్మిత్‌కి చూపించి తీరాలి. గురి ఎంత బాగున్నా ఈ పరీక్ష మానకూడదు.

నేటి చవక రైఫిల్ ఎందుకంత బాగా కాలుస్తుందో తెలియాలంటే సావేజ్ కథ చూడాలి. వాళ్ల మోడల్ 110 వచ్చింది 1958లో. బారెల్‌ని రిసీవర్‌కి ఒక పెద్ద నట్‌తో బిగిస్తారు. తూటా గదిలో కూర్చునే ఖాళీని వెంట్రుకవాసిలో సరిచేయాలంటే మిగతా కంపెనీల్లో చేయి తిరిగిన పనివాడు గంటలు కూర్చోవాలి. ఇక్కడ నట్ తిప్పితే చాలు. బోల్ట్ తల కూడా కాస్త కదులుతూ తనంతట తానే సర్దుకుంటుంది. అందం లేదు, మెరుపు లేదు, గురి మాత్రం ఉంది. 1988లో దివాలా తీసిన ఆ కంపెనీ ఈ ఒక్క రైఫిల్‌ని పట్టుకుని బయటపడింది. ఈ శతాబ్దం మొదట్లో అక్యుట్రిగ్గర్ అని, కొన్నవాడే సురక్షితంగా తేలిక చేసుకోగల ట్రిగ్గర్ తెచ్చింది. అప్పటిదాకా లాయర్ల భయంతో మీటల్ని ఇనపముద్దల్లా అమ్మిన మిగతా కంపెనీలకి దాంతో తామూ అలాంటివి తేవడం తప్ప గత్యంతరం లేకపోయింది. ఫిన్లాండ్ నుంచి 2003లో టిక్కా టీ3 వచ్చింది, మూడు గుళ్లూ ఒక మినిట్‌లో పడతాయని ఫ్యాక్టరీ హామీతో సహా. పదేళ్లు తిరగకుండానే రూగర్ అమెరికన్ లాంటివి నాలుగైదు వందల డాలర్లకే అంత పనీ చేసిపెట్టడం మొదలుపెట్టాయి. మన తాతల కాలంలో మేస్త్రీ చేత ప్రత్యేకంగా చేయించుకుంటేనే దొరికిన గురి ఇవాళ ప్లాస్టిక్ స్టాక్‌లో, అట్టపెట్టెలో వస్తోంది.

ఆ 'మినిట్' దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ రంగంలో చెప్పుకునే గొప్పల్లో సగం దాని చుట్టూ తిరిగేవే. కోణంలో డిగ్రీకి అరవయ్యో వంతు ఒక మినిట్. వంద గజాల దగ్గర అది 1.047 అంగుళాలు, మాటవరసకి ఒక అంగుళం. మూడు గుళ్లు అంగుళం వెడల్పులో పడితే ఆ రైఫిల్ 'ఒక మినిట్ రైఫిల్' అంటారు. దీంట్లో మోసం మూడు అన్న అంకెలో ఉంది. గుళ్లు పడే తీరు యాదృచ్ఛికం కాబట్టి ఎన్ని ఎక్కువ కాలిస్తే గుంపు అంత వెడల్పవుతుంది. సంభావ్యత లెక్క ప్రకారం మూడు గుళ్ల గుంపు సగటున అంగుళం ఉంటే, అదే రైఫిల్ అదే రోజు పది గుళ్లకి సుమారు అంగుళమున్నర చూపిస్తుంది. అరంగుళం గుంపు ఫోటో చూపించి మురిసేవాడిని ఇంకో ఏడు అదే కాగితం మీద కాల్చమనండి. పైగా వేటలో లెక్కకొచ్చేది చల్లటి బారెల్ నుంచి వెళ్లే మొట్టమొదటి గుండు. వేరువేరు రోజుల్లో, ఒక్కో రోజు ఒక్కటే చొప్పున కాల్చి, అన్నింటినీ ఒకే కాగితం మీద పడనిస్తే రైఫిల్ గుణం బయటపడుతుంది. ఇంత ఓపిక చాలామందికి ఉండదనుకోండి.

ఇప్పుడు ఈ లెక్కని జింక దగ్గరికి తీసుకెళదాం. రెండు మినిట్ల రైఫిల్ అంటే కొట్లో అమ్మేవాడు కూడా తలదించుకుని చెప్పే గురి. అది 200 గజాల దగ్గర నాలుగంగుళాల పైచిలుకు గుంపు వేస్తుంది, అంటే అనుకున్న చోటికి రెండంగుళాలు అటో ఇటో. వృత్తమేమో ఎనిమిది అంగుళాలది. పాత రెండు మినిట్ల రైఫిల్‌కీ, కొత్త ఒక మినిట్ రైఫిల్‌కీ మధ్య తేడా ఆ దూరంలో ఒక్క అంగుళం. బల్ల మీద ఇసుక సంచుల ఆసరాతో ఒక మినిట్ కొట్టే మనిషి మోకాలి మీద కూర్చుని, ఆయాసంతో కాలిస్తే నాలుగైదు మినిట్లకి జారడం మామూలే. అక్కడ 200 గజాల గుంపు పది అంగుళాల దాకా, వృత్తం దాటిపోయింది. గురి లోపం ఇనుములో కన్నా భుజంలోనూ ఊపిరిలోనూ ఎక్కువగా ఉందని తేలుతోంది. రైఫిల్ మీద మరో వెయ్యి డాలర్లు పోసి అరమినిట్ సంపాదించడం నా దృష్టిలో నేల విడిచి సాము.

అయినా రైఫిల్ మొరాయించదని కాదు. మొరాయించినప్పుడు కారణాలు సాధారణంగా చిన్నవే. స్కోప్ రింగుల మరలు వదులు కావడం, స్టాక్ మరలు సమంగా బిగించకపోవడం, తేమకి కొయ్య స్టాక్ ఉబ్బి బారెల్‌కి ఆనుకోవడం. బారెల్‌కీ స్టాక్‌కీ మధ్య ఒక కాగితం ముక్క జార్చి చూస్తే చివరిది తెలిసిపోతుంది. గొట్టం మూతి అంచు కొట్టుకుని సొట్టపడినా బుల్లెట్ పక్కకి తొలగుతుంది. ఇవన్నీ చూసుకున్నాక తూటా మార్చి చూడాలి. ఒకే రైఫిల్‌కి ఒక కంపెనీ తూటా నప్పుతుంది, ఇంకోటి నప్పదు. మూడు నాలుగు రకాల డబ్బాలు కొని ప్రయత్నించడం వినా దీనికి వేరే మందు లేదు. స్కోప్ సంగతి ఒక్క మాటలో చెబుతాను: 3-9×40 చాలు, రైఫిల్ ధరలో సగమైనా దాని మీద పెట్టండి.

ఇక తూటాలు. వీటి చరిత్ర చదువుతుంటే కొత్త పేర్లన్నీ కొన్ని పాత గుల్లల నుంచి పుట్టినవేనని అర్థమవుతుంది. 1895లో వచ్చిన .30-30 పొగలేని మందుతో అమెరికాలో వచ్చిన తొలి వేట తూటాల్లో ఒకటి, లీవర్ రైఫిళ్ల ప్రాణం. 1906లో సైన్యం .30-06 తెచ్చింది. దాని మెడని సన్నం చేసి 1925లో వించెస్టర్ .270 చేసింది. 1952లో అదే కంపెనీ .308 పేరుతో అమ్మిన పొట్టి తూటా దాదాపుగా సైన్యం తర్వాత స్వీకరించిన 7.62 నాటో. ఆ .308 మెడ నొక్కితే 1955లో .243 వచ్చింది, కాస్త తక్కువ నొక్కితే 1980లో 7ఎంఎం-08 రెమింగ్టన్ వచ్చింది. పొట్టి గుల్లలకి పొట్టి యాక్షన్ సరిపోతుంది, రైఫిల్ అరంగుళం పొట్టి, కొన్ని ఔన్సులు తేలిక. ఆ తేడాకి పేజీలకి పేజీలు రాసేవాళ్లున్నారు, నేను ఇక్కడితో వదిలేస్తున్నాను.

.243 పుట్టిన ఏడాదే జరిగిన ఒక సంగతి మాత్రం వదలకూడదు. రెమింగ్టన్ కూడా 1955లో అదే లావు బుల్లెట్‌తో .244 తెచ్చింది, మందు పట్టే చోటు అందులో ఇంకాస్త ఎక్కువ. కాగితం మీద అదే గెలవాలి. కానీ బారెల్ లోపలి మెలిక గాడులు బుల్లెట్‌ని 12 అంగుళాలకి ఒక్క చుట్టు తిప్పేలా కోశారు, నక్కల్నీ నేల ఉడతల్నీ కొట్టే తేలిక బుల్లెట్లకి అది చాలునని. వించెస్టర్ 10 అంగుళాలకి ఒక చుట్టు పెట్టింది, 100 గ్రెయిన్ల బరువున్న పొడుగు బుల్లెట్ కూడా అందులో నిలకడగా తిరుగుతుంది. జింకలకీ పనికొచ్చేది కావాలనుకున్న జనం .243 కొన్నారు. రెమింగ్టన్ మెలిక బిగించి, 6ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి 1963లో మళ్లీ తెచ్చినా పోయిన బజారు తిరిగి రాలేదు. పొడుగు బుల్లెట్‌కి వేగంగా తిరిగే మెలిక కావాలి. రైఫిల్ కొనేటప్పుడు బారెల్ మీద ఆ అంకె చదవడం మరిచిపోవద్దు.

ఆ పాఠం పూర్తిగా ఒంటబట్టించుకున్నది 6.5 క్రీడ్‌మూర్. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని పాత క్రీడ్‌మూర్ కాల్పుల మైదానం పేరు పెట్టి హోర్నడీ కంపెనీ 2007లో దీన్ని పోటీల కోసం తెచ్చింది. మొదటి నుంచే 8 అంగుళాల మెలిక, పొడుగ్గా సూదిలా ఉండే బుల్లెట్లు. గాలిని చీల్చుకుపోతుంది కాబట్టి దూరం పోయేకొద్దీ దాని ఆధిక్యం తెలుస్తుంది. గంటకి 10 మైళ్ల అడ్డగాలిలో 300 గజాల దగ్గర మామూలు 150 గ్రెయిన్ల .308 బుల్లెట్ సుమారు ఎనిమిది అంగుళాలు పక్కకి పోతే, క్రీడ్‌మూర్ 143 గ్రెయిన్ల బుల్లెట్ ఐదు దగ్గర ఆగుతుంది. అదే 200 గజాల దగ్గర రెండింటి మధ్య తేడా అంగుళమున్నర కూడా ఉండదు. చాలా జింకలు ఈ దూరం లోపే పడతాయి కదా, మరి ఆ ఆధిక్యం ఎవరికి? పడమటి మైదానాల వాళ్లకి కొంత, కాగితాలు కొట్టేవాళ్లకి చాలా. క్రీడ్‌మూర్‌ని కుర్రాళ్ల వేలంవెర్రి అని వెక్కిరించే పెద్దలకి కూడా ఒక మాట: స్కాండినేవియాలో 1890ల నాటి 6.5×55 తూటాతో, దాదాపు ఇదే బుల్లెట్ ఇదే వేగంతో, తెల్లతోక జింకకి ఎన్నో రెట్లు బరువుండే మూస్‌లని శతాబ్దం పైగా కొడుతున్నారు.

కిందికి పడే లెక్క కూడా భయపడేంతది కాదు. .308ని వంద గజాలకి సూటిగా సరిచేస్తే 200 దగ్గర నాలుగంగుళాలు, 300 దగ్గర పద్నాలుగు అంగుళాల దాకా కిందికి పోతుంది. వందలో రెండున్నర అంగుళాలు పైకి పడేలా స్కోప్ తిప్పుకుంటే .270 అయినా .308 అయినా 250 గజాల దాకా మూడంగుళాల కన్నా పైకీ పోదు, కిందికీ పోదు. గుండె మీద గురిపెట్టి కాల్చడమే, లెక్కలేమీ వేయక్కర్లేదు.

తూటాల మధ్య నిజంగా ఒంటికి తెలిసే తేడా వెనక్కి తన్నే తన్నులో ఉంటుంది. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో .243 తన్ను పది అడుగు-పౌండ్ల లోపు, క్రీడ్‌మూర్ 12 చుట్టుపక్కల, 7ఎంఎం-08 దానికి ఒకటి రెండు ఎక్కువ. .308, .270 పదహారు పదిహేడు, .30-06 ఇరవైకి దగ్గర. .300 వించెస్టర్ మాగ్నమ్ పాతిక దాటేస్తుంది. ఇరవై దగ్గర చాలామంది, తమకి తెలియకుండానే, మీట నొక్కే క్షణంలో కళ్లు మూసుకుని భుజం బిగిస్తారు. మాగ్నమ్‌తో ఇది పెద్ద జబ్బవుతుంది, ఒకసారి పట్టుకుంటే వదలడానికి ఏళ్లు పడుతుంది. తెల్లతోక జింకకి మాగ్నమ్ అక్కర్లేదని నేను గట్టిగానే అంటాను. దగ్గర్లో కాలిస్తే ముందు జబ్బ మాంసమంతా రక్తపు ముద్ద అవుతుంది, తినడానికి మిగిలేది తక్కువ.

ఓకానర్ .270 గురించి అంత రాశాడే, ఆయన భార్య ఎలినార్ చేతిలో ఎక్కువగా ఉండేది 7×57 మౌజర్. 1892 నాటి మెత్తటి తూటా. ఆమె గురి భర్త కన్నా తీసిపోయేది కాదని ఆయనే ఒప్పుకునేవాడు. అదే తూటాకి ఇంగ్లండులో రిగ్బీ కంపెనీ పెట్టుకున్న పేరు .275 రిగ్బీ. చంపావత్ నరభక్షక పులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కి బహుమతిగా దక్కిన రైఫిల్ దానిదే. కార్బెట్ కుమావూన్ కథలు తెలుగులో చదువుకున్నవాళ్లు ఈ తూటాని పేరు తెలియకుండానే ఎరుగుదురు. పులులకి చాలిన శక్తి జింకకి చాలదా అని అడగడం తేలిక. కార్బెట్‌లా గురిపెట్టి, కార్బెట్‌లా ఆగగలిగితే చాలుతుంది. ఆ 7×57 పనినే పొట్టి యాక్షన్‌లో చేసిపెట్టేది 7ఎంఎం-08. దానికి ప్రచారం తక్కువ, గుణం ఎక్కువ.

తూటా పేరు కన్నా దాని మొనలో ఉన్న బుల్లెట్ నిర్మాణం ముఖ్యమని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటున్నారు. ఈ జ్ఞానం 1946లో బ్రిటిష్ కొలంబియాలో ఒక మూస్ దగ్గర మొదలైంది. జాన్ నోస్లర్ అనే వేటగాడు బురద అట్టకట్టిన మూస్‌ని .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్‌తో కాలిస్తే బుల్లెట్లు చర్మం దగ్గరే పగిలిపోయి లోతుకి దిగలేదు. ఆయన ఇంటికొచ్చి మధ్యలో రాగి అడ్డగోడ ఉన్న బుల్లెట్ తయారుచేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం ముద్దగా దూసుకుపోతుంది. 1948 నుంచి పార్టిషన్ పేరుతో అమ్ముతున్నారు. తెల్లతోక జింక చర్మం పలచన, ఎముక సన్నం కాబట్టి .308 వేగానికి మామూలు సీసం మొన బుల్లెట్ చాలు, 1939 నుంచి ఉన్న కోర్-లాక్ట్ లాంటిది. వేగం ఎక్కువైన తూటాలకీ, తేలిక బుల్లెట్ల .243కీ గట్టి నిర్మాణం కావాలి.

సీసం గురించి ఇంకో కోణం ఉంది. 2008లో నార్త్ డకోటాలో పేదలకి దానమిచ్చిన జింక కీమాలో కంటికి కనబడని సీసం రవ్వలు బయటపడ్డాయి, ఆ పొట్లాలు పారేయమని ఆరోగ్యశాఖ చెప్పింది. ఆ తర్వాత అక్కడి 738 మంది రక్తం పరీక్షిస్తే వేట మాంసం తినేవాళ్లలో సీసం కొద్దిగా ఎక్కువ తేలింది. పెద్దలకి ప్రమాదకరమనే స్థాయి కాకపోయినా, ఇంట్లో పసిపిల్లలూ గర్భిణులూ ఉంటే ఆలోచించవలసిన సంగతి. కాలిఫోర్నియా సీసంతో చనిపోతున్న కాండర్ రాబందుల కోసం మొదలుపెట్టి, 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతటా వేటలో సీసం తూటాల్ని నిషేధించింది. పూర్తి రాగి బుల్లెట్లు ఇప్పుడు అన్ని తూటాల్లోనూ దొరుకుతున్నాయి. డబ్బాకి కాస్త ఎక్కువ పడుతుంది, విచ్చుకోవడానికి వేగం కూడా ఎక్కువ కావాలి, కాబట్టి దూరాలు తగ్గించుకుని ఒక మెట్టు తేలిక బుల్లెట్ వాడటం మేలు. నేనైతే తినే మాంసానికి రాగే వాడమంటాను.

ఇంత చర్చా అయ్యాక రాష్ట్రం నిబంధన ఒక్క గీతతో కొట్టేసే ప్రమాదం ఉంది. న్యూజెర్సీలో జింక వేటకి ఈ రైఫిళ్లేవీ పనికిరావు, అక్కడ తుపాకుల్లో షాట్‌గన్నూ మజిల్ లోడరూ మాత్రమే. ఎడిసన్‌లో ఉండే తెలుగువాడు రైఫిల్‌తో వేటాడాలంటే నదికి అవతల పెన్సిల్వేనియాకి పోవాలి. ఒహాయోలో 2014 నుంచి రైఫిల్ రానిచ్చారు గానీ మెడ నొక్కని నిటారు గుల్ల తూటాలకే. వించెస్టర్ 2019లో .350 లెజెండ్ తెచ్చింది ఇలాంటి రాష్ట్రాల కోసమే, 200 గజాల లోపు అది చక్కగా పనిచేస్తుంది. కొలరాడోలో .24 అంగుళాల కన్నా సన్నటి బుల్లెట్ జింకకి వాడకూడదు, అంటే .243 నుంచి మొదలు. నిబంధనలు ఏటా మారుతుంటాయి, ఆ ఏడాది రాష్ట్రం అచ్చువేసిన పుస్తకం చూడకుండా తూటా ఎంచుకోకండి.

తీర్పు చెప్పమంటే చెబుతాను. రైఫిల్ కొత్తగా పట్టేవాళ్లకి, తేలికపాటి ఒళ్లున్న ఆడవాళ్లకీ మగవాళ్లకీ 7ఎంఎం-08 లేదా 6.5 క్రీడ్‌మూర్. రెండింటిలో మీ ఊరి కొట్లో ఏది అరల నిండా ఉంటే అది. 2020 తర్వాత తూటాల కరువొచ్చినప్పుడు అరుదైన పేర్లు పెట్టుకున్నవాళ్లు ఖాళీ అరలు చూసి తిరిగొచ్చారు. ఆ బెంగ మరీ ఉంటే .308, తన్ను కాస్త ఎక్కువైనా తూటా దొరకని పల్లె ఉండదు. ఇంట్లో తాత ఇచ్చిన .30-06 గానీ .270 గానీ ఉంటే కొత్తది కొనే కారణమే నాకు కనబడదు. .243 మంచిదే, కానీ దాంతో తప్పుకి చోటు తక్కువ కాబట్టి అది నిదానమైన చేతికి ఇవ్వవలసింది. రైఫిల్ విషయంలో రూగర్ అమెరికన్, సావేజ్, టిక్కా మూడింటిలో ఏదైనా సరే. డబ్బుంటే టిక్కా, దాని బోల్ట్ నడక హాయిగా ఉంటుంది. స్టాక్ పొడుగు మీ చేతికి సరిపోవాలి. అమెరికన్ కొలత పదమూడున్నర అంగుళాల చుట్టూ ఉంటుంది, మనలో చాలామందికి అది ఒక వేలు ఎక్కువే. కొట్లో చలికోటు తొడుక్కుని భుజానికి ఎత్తి చూసి కొనండి. మిగిలిన డబ్బంతా తూటాలకి పెట్టండి, చెవులకి రక్షణ పెట్టుకుని వేసవంతా కాల్చండి. సగం బల్ల మీద, సగం కూర్చునీ మోకాలి మీదా. ఎంత దూరంలో మీ గుళ్లన్నీ ఆ ఎనిమిది అంగుళాల వృత్తంలో పడటం మానేస్తాయో, మీ వేట అంతకు ముందే ఆగాలి.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకి ఒక్క హెచ్చరిక. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. స్నేహితుడి రైఫిల్‌ని రేంజ్‌లో చేత పట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు. కేసు పడితే వీసాకే ఎసరు కాబట్టి అనుమానముంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే కొట్టుకి వెళ్లండి. వేట లైసెన్సు రావాలంటే చాలా రాష్ట్రాల్లో ముందు హంటర్ ఎడ్యుకేషన్ తరగతి పూర్తిచేయాలి. శరదృతువు దగ్గరపడితే సీట్లు నిండిపోతాయి, ఆగస్టు లోపే పేరు నమోదు చేసుకోండి.